డెలివరీ తేదీలు లేని రోజులు: ఒక ఎండోమెట్రియోసిస్ కేసు

2022 జూన్‌లో ఆమె మా క్లినిక్కుకి వచ్చినప్పుడు చేతిలో రెండు కవర్లున్నాయి. ఒకదాంట్లో స్కానింగ్ రిపోర్టులు, మందుల చీటీలు. రెండోదాంట్లో ఎవరిదో ఆది జాకెట్టు, మూడు పట్టు గుడ్డలు, హుక్కుల ప్యాకెట్టు, అట్ట చిరిగిన పొడుగాటి నోటుబుక్కు. వయసు 32. తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఎనిమిదేళ్ల పాప ఉంది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. వెంట అత్తగారు వచ్చింది.

వచ్చిన పని ఒక్కటే. ఇంకోచోట గర్భసంచి, రెండు ఓవరీలు తీసెయ్యాలని చెప్పి వచ్చే సోమవారానికి తేదీ ఇచ్చారు. "తీయించుకోమంటే తీయించుకుంటా మేడంగారూ. మీరు కూడా ఒక్కసారి చూసి చెప్తే..." అని ఆగిపోయింది.

ఈ కేసు ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఆమెకి చదివి వినిపిస్తే ఒకచోట దిద్దింది కూడా: పట్టు గుడ్డలు రెండని రాశాను, మూడట.

ఫైలు

మొదటి నెలసరి 13వ ఏట. 15 ఏళ్లకే బడి మానేసేంత నొప్పి. అమ్మమ్మ వాము కషాయం కాచి ఇచ్చి, పెళ్లయితే అదే సర్దుకుంటుందనేది. 19వ ఏట నొప్పి కుడివైపు వచ్చి వాంతులయితే అపెండిక్స్ తీశారు. 20కి పెళ్లి. సర్దుకోలేదు సరికదా, భర్తతో కలిసినప్పుడల్లా లోపల పొడిచినట్టు ఉండేది. ఎవరితో చెప్పుకుంటుంది? పిల్ల పుడితే పోతుందన్నారు. ఆ మాట కొంతవరకు నిజమైంది. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ, పాలిచ్చిన ఏడాదిన్నరా హాయిగా గడిచింది. నెలసరి మళ్లీ మొదలైన మూడు నాలుగు నెలలకి నొప్పీ తిరిగొచ్చింది. 2019లో ఎడమ ఓవరీలో చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) ఉందని ల్యాప్రోస్కోపీ చేసి, లోపలున్నది తోడేసి పంపారు. ఆ తర్వాత మందులేమీ లేవు. 14 నెలలకి సిస్టు మళ్లీ కనిపించింది.

ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది సంచికి బయట పెరిగే జబ్బు) అన్న మాట ఆ ఫైల్లో ఒక్కచోటే ఉంది, డిశ్చార్జి సమ్మరీ మూడో పేజీలో. అది ఆమె చెవిన పడనేలేదు.

చీటీలు తేదీలవారీగా సర్దుతున్న మా సిస్టరు ఒకటి తీసి మాట్లాడకుండా నా ముందు పెట్టింది. 2017 నాటిది. పైన మా క్లినిక్కు పేరు, కింద నా చేతిరాత: "నెలసరి నొప్పి. మెఫ్తాల్ స్పాస్, 3 రోజులు. రివ్యూ: అవసరమైతే." స్కానింగ్ లేదు. పొట్ట తడిమి చూసినట్టు కూడా రాసిలేదు. ఆ రోజు ఓపీ ఎంత ఉందో, నేనే తొందరలో ఉన్నానో నాకు గుర్తు లేదు. ఆమెకి గుర్తుంది. "మీరు బాగానే మాట్లాడారు మేడం. మాత్రకి తగ్గేది కూడా. నేనే మళ్లీ రాలేదు" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు. మా వైపు ఆడవాళ్లతో "అవసరమైతే రా" అనడమంటే రావద్దనడమే. ఆ చీటీ చూసినప్పటి నుంచి తేదీ వేసి పంపుతున్నాను.

కొలతల పుస్తకం

నొప్పి ఏయే రోజుల్లో వస్తుందమ్మా అంటే "ఎప్పుడూ ఉంటది" అంది. అత్తగారు అందుకుని "ఎప్పుడూ ఏం లేదండీ, పని ఎక్కువైతే వస్తది" అంది. అప్పుడామె ఆ పొడుగాటి నోటుబుక్కు బయటికి తీసింది. కొలతల పుస్తకం. పేజీకో మనిషి: పొడుగు, ఛాతీ, నడుము, చెయ్యి, చంక, మెడ ముందూ వెనకా. అడుగున జాకెట్టు ఇవ్వాల్సిన తేదీ, దాని కింద గీత. "ఒంట్లో బాగుండని రోజులకి తేదీ ఇవ్వను మేడం. ఇచ్చి కుట్టకపోతే మాట పోద్ది."

పాత పేజీల నుంచి తిరగేసుకుంటూ వచ్చాను. 2018లో నెలకి రెండు మూడు రోజులే ఖాళీ. 2020కి అయిదారు. ఆమె నా దగ్గరికొచ్చిన 2022లో ఫిబ్రవరి నుంచి నెలకి పది రోజులు, ఇంచుమించు 28 రోజులకోసారి, ఒక్క జాకెట్టుకీ తేదీ లేదు. నెలసరికి ముందు నాలుగు రోజులు, నెలసరి అయిదు, ఆ తర్వాత ఒకటి. పదికి ఎంత నొప్పో చెప్పమని అడిగే మా అంకెలు ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. "ఎప్పుడూ ఉంటది" అన్న నొప్పికి నెల లెక్క ఉందని ఆ పుస్తకం చూపించింది. ఎండోమెట్రియోసిస్‌ని పట్టించేది ముందుగా ఆ లెక్కే.

అత్తగారిని బీపీ చూపించుకోమని సిస్టరు గదిలోకి పంపి, మిగతావి విడిగా అడిగాను. ఆ రోజుల్లో విరోచనానికి కూర్చుంటే గాజుపెంకు దిగినట్టు ఉంటుందంది. మామూలు రోజుల్లో లేదు. కలయికలో నొప్పి సంగతి అప్పుడే బయటికొచ్చింది. పన్నెండేళ్లలో ఎవరూ అడగలేదట. ఇంకొకటి ఆమె తనంతట తానే చెప్పింది: వరలక్ష్మీ వ్రతానికో, పెళ్లిళ్ల సీజన్లో ఆర్డర్లు ఎక్కువున్నప్పుడో మందుల షాపులో నెలసరి వాయిదా మాత్రలు కొని వేసుకునేది. "అయి మింగినన్నాళ్లు నొప్పి రాదు మేడం." అవి నారెథిస్టిరోన్. ఆ హార్మోన్ కుటుంబం మందులే మేము ఈ జబ్బుకి ఇచ్చేవి. తెలియకుండానే తన జబ్బుకి మందు తాను కనిపెట్టుకుంది, పండగలకి మాత్రమే వాడుకుంది.

నొప్పి మాత్రలు రోజుకి నాలుగు చొప్పున తొమ్మిది రోజులు, అంటే నెలకి ముప్ఫై ఆరు. మెఫ్తాల్‌లాంటి నొప్పి మాత్రల్లో ఉండే మెఫెనమిక్ ఆమ్లం వల్ల అరుదుగా వచ్చే తీవ్రమైన ఎలర్జీ గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది ఏడాదిన్నర తర్వాత, 2023 చివర్లో. ఆ రోజు నాకు భయం వేసింది కిడ్నీల గురించి.

పరీక్షలో

గర్భసంచి వెనక్కి వంగి, కదిలించినా కదలకుండా పట్టేసి ఉంది. వెనక ఎడమ పక్క చింతగింజంత గట్టి ముడి. దాని మీద వేలు పడగానే ఆమె మంచం అంచు పట్టుకుంది. "అదే మేడం, అదే" అంది. ఆ ఒక్క మాటకి పదిహేడేళ్లు పట్టింది.

లోపలి (యోని ద్వారా చేసే) స్కానింగ్‌లో ఎడమ ఓవరీలో 5.2 సెంటీమీటర్ల సిస్టు. లోపల మసక అద్దంలాంటి బూడిద రంగు, చాక్లెట్ సిస్టుకి అది ఆనవాలు. కుడి ఓవరీలో 2 సెంటీమీటర్లది ఇంకొకటి. రెండు ఓవరీలూ గర్భసంచి వెనక ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ప్రోబుతో మెల్లగా నెట్టి చూస్తే మలాశయం గర్భసంచి మీద జారాలి. జారలేదు. మలాశయం గోడలో 2.4 సెంటీమీటర్ల నల్లటి ముద్ద. ఇలాంటి కేసుల్లో పొట్ట మీద ప్రోబు పెట్టి రెండు కిడ్నీలూ చూసిగానీ వదలకూడదు. రెండు నిమిషాల పని. ఆమెకి ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది.

నొప్పి లేదు, మూత్రంలో ఇబ్బంది లేదు, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 0.8. అన్నీ మామూలే. కుడి కిడ్నీ ఇద్దరి పనీ చేస్తుంటే రక్తపరీక్షలో ఏమీ తేలదు. కిడ్నీ నుంచి మూత్రం దిగే యురేటర్ గొట్టాన్ని ఆ ముడి బయటినుంచి నొక్కుతోంది. ఇలా చప్పుడు లేకుండా కిడ్నీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒక్కో కిడ్నీ ఎంత పని చేస్తోందో చూపే డీటీపీఏ స్కాన్‌లో ఎడమ కిడ్నీ పని వాటా 38 శాతం అని వచ్చింది. ఎంఆర్ఐ మిగతా అంతా ఖరారు చేసింది. సీఏ-125 పరీక్ష 68 అని పాత రిపోర్టులో ఎర్ర గీత గీసి ఉంది. క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదీ వణికిపోయారట. ఈ జబ్బులో ఆ అంకె కొంత పెరగడం మామూలే. దాంతో జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

కడుపు తెరిచి చూస్తేగానీ ఎండోమెట్రియోసిస్ అని తేల్చకూడదని మేము చదువుకున్నాం. 2022 ఫిబ్రవరిలో యూరప్ సంతానసాఫల్య నిపుణుల సంఘం కొత్త మార్గదర్శకాల్లో ఆ పట్టు సడలించింది. కథ, చేతి పరీక్ష, మంచి స్కానింగ్ కలిస్తే చికిత్స మొదలుపెట్టవచ్చు. మంచి స్కానింగ్ అన్న దగ్గరే మాకు చిక్కు. సిస్టు కొలిచి "పీసీఓడీ ఛాయలు" అని ముగించే రిపోర్టులు నా దగ్గరికి వారానికి నాలుగైనా వస్తాయి. పెళ్లికాని పిల్లలకైతే లోపలి స్కాన్ చెయ్యం, పొట్ట మీద నుంచి చూసి ఏం లేదంటాం. వాళ్లకి ఎంఆర్ఐ ఒక దారి.

లైనింగ్

జబ్బేమిటో చెప్పడానికి బొమ్మ గీయబోయి ఆగాను. ఎదురుగా ఉన్నది టైలరు.

"గర్భసంచికి లోపల ఒక లైనింగ్ ఉంటుందమ్మా. నెలనెలా మందమెక్కి ఊడి వస్తుంది, అదే నెలసరి. అలాంటి లైనింగే నీకు సంచికి బయట కూడా అక్కడక్కడా అతుక్కుని పెరుగుతోంది. నెల వచ్చేసరికి అదీ ఉబ్బుతుంది, అదీ రక్తం వదులుతుంది. ఆ రక్తానికి బయటికి దారి లేదు. చుట్టూ మచ్చ కట్టి, పక్కనున్న పేగునీ గొట్టాన్నీ లాగి అతికేస్తుంది."

కాసేపు ఆలోచించింది. "మరి జాకెట్టు చింపేస్తే బయట అతుక్కున్న లైనింగ్ పోద్దా మేడం?"

సోమవారం ఆపరేషన్ మీద నేను చెప్పబోయిందంతా ఆ ప్రశ్నలోనే ఉంది. గర్భసంచి, ఓవరీలు మాత్రమే తీసేస్తే మలాశయం మీది ముద్ద అక్కడే ఉంటుంది. యురేటర్‌ని నొక్కే ముడి అక్కడే ఉంటుంది. నెలసరి ఆగుతుంది కాబట్టి అంతా బాగైందనుకుంటారు, కిడ్నీ సంగతి ఎవరూ చూడరు. పైగా 32 ఏళ్లకి ఓవరీలు పోతే, మన ఆడవాళ్లకి 46, 47 ఏళ్ల దగ్గర రావలసిన మెనోపాజ్ ఓ పదిహేనేళ్లు ముందే వస్తుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

అత్తగారికి నచ్చలేదు. "నాకు ముప్ఫై నాలుగేళ్లకే తీశారు. నేను బతకట్లా?" అంది. ఓవరీలు ఉంచారా తీశారా పెద్దమ్మా అంటే తెలియదంది. ఆవిడ ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మా దగ్గర తెల్లబట్టకీ అదే, నడుంనొప్పికీ అదే. గర్భసంచి ఎప్పుడూ తీయకూడదని కాదు. పిల్లలు చాలనుకుని, మందులకి లొంగని నొప్పి ఉన్నవాళ్లకి, ముఖ్యంగా గర్భసంచి గోడలోనే జబ్బున్నవాళ్లకి, బయటి మచ్చలన్నీ తొలగిస్తూ దాన్నీ తీయడం సరైన వైద్యమే. నేనూ చేస్తాను. ఆమెకి రాసిన ఆపరేషన్ అది కాదు.

కిడ్నీ ఉబ్బకపోయి ఉంటే మందులతోనే మొదలుపెట్టేదాన్ని. గొట్టం నొక్కుకుపోయాక మందుల మీద ఆధారపడి కూర్చోకూడదు. ఇంకో బిడ్డ కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే సిస్టు ఒలిచినప్పుడు మంచి అండాలు కూడా కొన్ని పోతాయి. అండాల నిల్వ తెలిపే ఏఎంహెచ్ 1.6 ఉంది. అండాలు తీసి దాచుకునే వీలుందని, ఖర్చెంతవుతుందో చెప్పాను. భర్తతో ఫోన్లో మాట్లాడి, ఒక్క పాపే చాలంది.

ఆపరేషన్

నేను చెయ్యలేదు. సిజేరియన్లు, గర్భసంచి ఆపరేషన్లు చేసే చేతికి ఇది చిక్కదు. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ పడితే నష్టపోయేది పేషెంటు. మొదటిసారి సగం చేసి వదిలేసిన చోట రెండోసారి అతుకులు ఇంకా గట్టిగా ఉంటాయి, ఆమెకి 2019లో ఆ సగం అయిపోయింది. విజయవాడలో ఈ జబ్బు ల్యాప్రోస్కోపీ ఎక్కువగా చేసే గైనకాలజిస్టు, పేగుల సర్జన్, యూరాలజిస్టు ముగ్గురూ ఒకే రోజు దొరికేలా చూశాను. దానికి అయిదు వారాలు పట్టింది. అవసరమైతే కొన్నాళ్లు మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చని ముందే చెప్పాను. ఆ రాత్రి నిద్రపోలేదంది. చెప్పకుండా ఉండలేం.

నాలుగున్నర గంటలు. యురేటర్‌ని మచ్చలోంచి అంగుళం అంగుళం విడదీశారు. అది మూసుకుపోకుండా లోపలికి డీజే స్టెంటు అనే సన్నటి గొట్టం వేశారు. మలాశయం ముద్దని పేగు కొయ్యకుండా పైపై చెక్కి తీశారు, సంచి అవసరం రాలేదు. ఎడమ సిస్టు గోడతో సహా ఒలిచారు. కుడివైపు చిన్నదాన్ని ముట్టుకోలేదు, అండాలు మిగలాలని. బయాప్సీ రిపోర్టులో ఎండోమెట్రియల్ గ్రంథులు, స్ట్రోమా అని వచ్చింది, అంటే ఎండోమెట్రియోసిసే. ఆరు వారాలకి స్టెంటు తీశారు. మూడో నెల స్కానింగ్‌లో కిడ్నీ వాపు పోయింది. గాజులు తాకట్టు పెట్టిన సంగతి ఆ మూడో నెలలోనే చెప్పింది.

మాత్ర, వ్రతం, అంటు

ఆపరేషన్ బాగా జరిగిందంటే జబ్బు పోయిందని కాదు. బయట మిగిలిన లైనింగ్ కంటికి కనపడనంత ఉన్నా నెలనెలా ఈస్ట్రోజన్ హార్మోన్ అందితే మళ్లీ లేస్తుంది. అందుకే డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మిల్లీగ్రాములు, రోజూ ఒకే వేళకి. గర్భం రాకుండా ఆపే మాత్రగా దీనికి అనుమతి లేదు కాబట్టి కండోములు వాడమని వేరే చెప్పాలి. చెప్పాను. మొదటి నెలల్లో మరకలు కనిపిస్తాయనీ చెప్పాను, కానీ ఒక వాక్యంలో. అక్కడ తప్పు చేశాను.

రెండో నెలకి ఫోను చేస్తే మాత్రలు ఆపేసి అయిదు వారాలైందంది. మందు పడక కాదు. రోజూ చుక్కో రెండు చుక్కలో కనపడుతుంటే తాను బయట ఉన్నట్టా, లేనట్టా అని ఇంట్లో పంచాయితీ. దీపం పెట్టనివ్వలేదు. నెలసరి నాలుగు రోజులకి లెక్క ఉంది, స్నానం చేస్తే తీరిపోతుంది. రోజుల తరబడి చుక్కలు పడితే ఆ ఇల్లు ఏం చెయ్యాలి? "నొప్పయితే ఓర్చుకుంటా మేడం, ఇది ఓర్చుకోలేను" అంది.

ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇది దుష్ఫలితాల జాబితాలో లేదు. అత్తగారిని పిలిపించాను. ఆచారం మీద నేనేమీ మాట్లాడలేదు. ఇది నెలసరి కాదని, మందు కొత్తలో లైనింగ్ పల్చబడుతూ రాలే చెమ్మ అని, పుండు మానేటప్పుడు కారినట్టేనని చెప్పాను. ఆవిడ తన లెక్క తాను వేసుకుంది: "పుండంటే అంటు లేదులే" అంది. మళ్లీ మొదలుపెట్టిన మూడో నెలకి మరకలు ఆగాయి. నెలసరి కూడా ఆగింది. అప్పుడు కొత్త భయం, రక్తం లోపల పేరుకుపోతోందేమోనని. పేరుకోవడానికి లోపల లైనింగే లేదని స్కానింగ్ తెరమీద చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు ఈ మాత్ర రాసిన ప్రతివాళ్లకీ ముందు మరకల గురించి పది నిమిషాలు మాట్లాడుతున్నాను, ఇంట్లో పెద్దావిడని కూడా కూర్చోబెట్టుకుని.

ఏడో నెలలో దిగులు. ఉత్తపుణ్యాన ఏడుపొస్తోందంది. డైనోజెస్ట్‌తో కొందరికి మనసు కుంగుతుంది, తేలిగ్గా తీసుకోకూడదు. రెండు వారాలకోసారి రమ్మన్నాను. మాత్ర పడుకునేముందుకి మార్చాం. తగ్గకపోతే మందే మార్చాలనుకున్నాను. కొంత దానంతటదే తేలికపడింది, కొంత ఆ నెల భర్త ఇంటిపట్టున ఉన్నందుకేమో, చెప్పలేను. కాల్షియం, విటమిన్ డి ఇస్తున్నాను. ఎముకల సాంద్రత ఏటా గమనిస్తున్నాం.

కలయికలో నొప్పి మాత్రం ఆపరేషన్ తర్వాత కూడా పోలేదు. లోపల చూస్తే ముడి లేదు. కటి కండరాలు పిడికిలి బిగించినట్టు ఉన్నాయి. పన్నెండేళ్లు నొప్పికి ఎదురుచూసి ఎదురుచూసి బిగుసుకున్న కండరం, కారణం తీసేసినంత మాత్రాన వదలదు. గుంటూరులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర ఊపిరితో కండరాన్ని వదులు చేసే వ్యాయామాలు నేర్చుకుంది. నాలుగు నెలలు పట్టింది. మిషనుకి మోటారు పెట్టించమని చెప్పింది కూడా ఆ అమ్మాయే. రోజంతా కాలితో తొక్కడం కటి కండరాలకి మంచిది కాదని నాకు తట్టలేదు. గోధుమలు, పాలు మానేస్తే ఈ జబ్బు కరిగిపోతుందని మా పేషెంటు ఒక వీడియో పంపి అడిగింది. మానేసి మూడు వారాలు చూడు, తేడా ఉంటే నాకూ చెప్పు అన్నాను. పాలు లేని టీ ఆమెకి మూడు రోజులు కూడా దిగలేదు.

మొన్నటి విజిట్

ఆపరేషనై మూడేళ్లు దాటింది. ఎడమ కిడ్నీ పని వాటా 42 శాతం, అక్కడే నిలబడింది. కుడి ఓవరీలో సిస్టు పెరగలేదు. ఎడమవైపు 1.3 సెంటీమీటర్లది కొత్తగా మసగ్గా కనిపిస్తోంది. ఏఎంహెచ్ 0.9కి దిగింది. దిగుతుందని తెలిసే చేశాం. నొప్పి మాత్రలు నెలకి ముప్ఫై ఆరు నుంచి రెండు మూడుకి వచ్చాయి. పాప పెద్దదవుతోంది. తల్లికి ఈ జబ్బుంటే కూతురికి వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువని చెప్పి, నెలసరి మొదలయ్యాక బడి మానేసే నొప్పి వస్తే ఏడాదులు ఆగకుండా తీసుకురమ్మన్నాను. భయపడలేదు. "తెస్తా. మీ చీటీ కూడా తెస్తా" అంది నవ్వుతూ.

కొత్త నోటుబుక్కు తెచ్చింది. ఖాళీ రోజులు నెలకి ఒకటి, ఒక్కోనెల రెండు. ఎడమ సిస్టు కోసం ఆరు వారాల్లో మళ్లీ స్కాన్ చేద్దామని తేదీ చెప్పాను. పుస్తకం తిరగేసి తల అడ్డంగా ఊపింది. శ్రావణమాసం, రెండో శుక్రవారం లోపల పంతొమ్మిది జాకెట్లు ఇవ్వాలట, అందులో ఏడు మగ్గం వర్కువి. రెండు వారాలు ముందుకి జరిపాను. వేలితో పేజీ అడుగు చూపించి, అక్కడ రాయమంది. కొలతల కింద, డెలివరీ తేదీ ఉండే చోట, స్కానింగ్ తేదీ రాసి కింద గీత గీశాను.